‘ధరయు పెరిగె నంట’ – టీకా తాత్పర్యాలు

అవతారిక

అమెరికాలో యునైటెడ్ స్టేట్స్ నేచురల్ గ్యాస్ ఫండ్ అని ఒకటుంది. బజారు వాడుకలో యూఎన్‌జీ. 2007 ఏప్రిల్‌లో పుట్టింది. సహజ వాయువు ధర మీద ఆశ ఉండి, వాయువును దాచుకునే చోటు లేనివారి కోసం వెలసింది. అందులో డబ్బు పెట్టి, గ్యాసు ధర పెరిగిందని వార్తల్లో విని, సంబరంగా ఖాతా తెరిచి చూసుకున్న ఒక షేరుహోల్డరు నోట వెలువడిన చాటువు ఇది.

మూలం

ఆ.వె.
గ్యాసు కొనగ లేదు, గ్యాసుఫండును కొంటి
నెలను నెలకు మార్చు నేర్పు మెచ్చి;
ధరయు పెరిగె నంట, ధన మేల తరిగెనో
తెలియఁ జెప్పుమయ్య తీక్ష్ణబుద్ధి!

ప్రతిపదార్థం

తీక్ష్ణబుద్ధి = వాడియైన బుద్ధి గలవాడా! (ఫండు మేనేజరుకు సంబోధన. కవి తనను తానే ఎత్తిపొడుచుకున్నాడని కొందరు); గ్యాసు = సహజ వాయువును; కొనగ లేదు = కొనలేదు, కొనే వీలూ లేదు (ఇక్కడ శ్లేష. ఒక్క ఫ్యూచర్స్ కాంట్రాక్టు, అంటే రాబోయే నెల సరుకుకు ముందే కుదుర్చుకునే బేరం, వేడిమి కొలతలో 10,000 ఎంఎంబీటీయూల వాయువుకు. దాన్ని లూసియానా రాష్ట్రంలో ఎరాత్ దగ్గరున్న హెన్రీ హబ్ అనే గొట్టాల కూడలిలో దింపుకోవాలి. కవి పెరడు చాలదు); గ్యాసుఫండును కొంటి = ఆ కాంట్రాక్టులు పట్టుకుని కూర్చునే ఫండు షేర్లను కొన్నాను; నెలను = ఈ నెల కాంట్రాక్టును; నెలకు = వచ్చే నెల కాంట్రాక్టుకు; మార్చు నేర్పు = గడువు తీరకముందే మార్చే విద్యను (బజారులో దీన్ని రోలోవర్ అంటారు); మెచ్చి = పత్రాలు చదవకుండానే మెచ్చుకుని (‘చదవకుండానే’ అన్నది అధ్యాహారం); ధరయు = వాయువు ధర కూడా; పెరిగె నంట = పెరిగిందట (‘అంట’ అనడం వల్ల చెవికి సోకిందే గాని ఖాతాకు సోకలేదని ధ్వని); ధనము = నా సొమ్ము; ఏల తరిగెనో = ఎందుకు తగ్గిందో; తెలియఁ జెప్పుము + అయ్య = విడమరచి చెప్పవయ్యా.

తాత్పర్యం

గ్యాసు బదులు గ్యాసుఫండు కొన్నాను. గ్యాసు పెరిగింది, నేను తరిగాను. కారణం చెప్పండి.

వ్యాఖ్య

పూర్వపక్షం: ధనాన్ని మేనేజరు ఫీజు తినేసింది.

ఇది నిలవదు. యూఎన్‌జీ నిర్వహణ ఫీజు తొలి 100 కోట్ల డాలర్ల ఆస్తుల వరకు ఏడాదికి 0.60 శాతం. అంత చిన్న నోటితో ఇంత పెద్ద ముద్ద మింగడం అసంభవం.

సిద్ధాంతం: తిన్నది రెండో పాదంలోని ‘నేర్పు’.

ఎలాగంటే, ఈ నెల కాంట్రాక్టు 3 డాలర్లు, వచ్చే నెలది 3.15 అనుకుందాం. 300 డాలర్లకు ఈ నెల వాయువు 100 పాళ్లు. దాన్ని అమ్మి వచ్చే నెలది కొంటే వచ్చేది 95 చిల్లర పాళ్లు. ఆ పూట నష్టమేమీ లేదు, విలువ 300 డాలర్లే. నెల తిరిగేసరికి ఆ కొత్త కాంట్రాక్టు 3.10 దగ్గర తేలిందనుకోండి. వార్తల్లో చెప్పే ధర 3 నుంచి 3.10కి పెరిగినట్టే. ఖాతాలో మాత్రం 295 డాలర్లు. కవి ప్రశ్నకు జవాబు ఇంతే.

వచ్చే నెల ఎందుకు ప్రియం? అమెరికాలో ఇళ్లు వెచ్చబెట్టుకునేది చలికాలంలో. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వాయువును భూగర్భంలో నింపి, నవంబరు నుంచి తోడుకుంటారు. చలికి దగ్గరయ్యే కాంట్రాక్టులకు ఆ గిరాకీ, ఆ నిల్వ ఖర్చు ముందే ఎక్కుతాయి. ఈ స్థితికి కాంటాంగో అని పేరు. తిరగబడి వచ్చే నెల చౌకైతే బ్యాక్‌వర్డేషన్. అప్పుడు అదే నేర్పు లాభం తెచ్చిపెడుతుంది. కవికి ఆ యోగం పట్టలేదు.

అలంకారం

కారణం ఉండీ కార్యం పుట్టలేదు గనుక విశేషోక్తి అని ప్రాచీన షేరుహోల్డర్లు. పైకి విరోధంగా తోచి, రోలోవర్ తెలియగానే పరిహారమవుతుంది గనుక విరోధాభాసమని నవీనులు. రెండో పక్షమే గ్రాహ్యం. విరోధం పరిహారమైనా సొమ్ముకు పరిహారం రాదని గమనించాలి.

సంఖ్యా విశేషం

షేరు ధర మరీ కిందికి జారినప్పుడల్లా ఈ ఫండు షేర్లను కలిపి కుదించారు. 2011లో రెండింటికి ఒకటి. 2012, 2018, 2024లలో ప్రతిసారీ నాలుగింటికి ఒకటి. రెండును మూడుసార్లు నాలుగుతో హెచ్చవేస్తే 128. పుట్టిననాడు 128 షేర్లు కొని కదలకుండా కూర్చున్న స్థితప్రజ్ఞుడి చేతిలో నాలుగో కుదింపు తర్వాత మిగిలింది ఒక్క షేరు. కుదింపు వల్ల నష్టం రాదు; వచ్చిన నష్టం లెక్కకు అందేలా చేస్తుందంతే.

దేశీయ విశేషం

ఈ పద్యం సముద్రాల అవతలిదని మనవాళ్లు ఊరడిల్లరాదు. మన సరుకుల బజారు ఎంసీఎక్స్‌లో ‘ఎన్‌జీ’, అంటే సహజ వాయువు, ఆడేవారి ధర కూడా హెన్రీ హబ్‌నే చూస్తుంది, పక్కనే కోనసీమ బావులున్నా సరే. అమెరికా వాయు నిల్వల లెక్క గురువారం వెలువడేసరికి ఇక్కడ రాత్రి ఎనిమిదో తొమ్మిదో. ఆ రాత్రి అన్నం చల్లారే ఇళ్లు మన ఊళ్లలోనూ ఉన్నాయి. నెలనెలా కాంట్రాక్టు మార్చుకునేటప్పుడు వారికీ రెండో పాదమే వర్తిస్తుంది.

దోష విచారం

మేనేజరు మాట తప్పాడా? లేదు. బెంచ్‌మార్క్ (కొలబద్దగా పెట్టుకున్న) కాంట్రాక్టు రోజువారీ శాతం మార్పును అనుసరించడమే లక్ష్యమని ప్రాస్పెక్టస్‌లోనే రాశారు. ఆ మాట నిలబెట్టుకున్నారు. రోజు కోసం అల్లినదాన్ని ఏళ్ల తరబడి కట్టుకుంటానన్నది కొన్నవాడి సొంత పాఠాంతరం. కాబట్టి దోషం కావ్యానిది కాదు, పఠనానిది.

ఫలశ్రుతి

చలి గాలి మీద నాలుగు రోజుల పందెం కాసేవారికి ఈ ఫండు పనికొస్తుంది. పిల్ల పెళ్లికో, పదవీ విరమణకో దాచేవారు దీని జోలికి పోవద్దు. ఏ గ్యాసుఫండు కొనబోయినా ముందు ఒక్క ప్రశ్న అడగండి: లోపల ఉన్నది కాంట్రాక్టులా, గొట్టాలూ బావులూ ఉన్న కంపెనీల షేర్లా? కాంట్రాక్టులే అయితే ఈ నెల ధర పక్కన వచ్చే నెల ధర కూడా చూసి, ఆ తర్వాతే డబ్బు తీయండి.