బావమరిది బేరము

అరకులో వారపుసంత నిండుగా సాగుచుండగా, పసుపుకొమ్ముల రాసులకును చింతపండు బుట్టలకును నడుమనున్న టీకొట్టు బల్లమీద కూర్చుండి, చేతిలోని గాజుపలకయందు తప్ప లోకమున వేరొక సంత యున్నదని ఎరుగని మా మేనల్లుడు నాకొక శాస్త్రము బోధింపబూనెను. పలకమీద ఎర్రని, పచ్చని కొవ్వొత్తులు నిలిచియుండెను. అవి బిట్‌కాయిన్ ధరలట. వానిక్రింద అవే రంగుల కడ్డీలు, కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి, కొత్తగా పాతిన దడికర్రలవలె బారులు తీరియుండెను. అది వాల్యూమట, అనగా చేతులు మారిన సరుకు పరిమాణము.

"ధర అబద్ధం చెప్పొచ్చు మావయ్యా, వాల్యూమ్ మాత్రం చెప్పదు" అని అతడు సెలవిచ్చెను.

లోకమున అబద్ధ మాడనిది ఒకటి దొరికెనని విన్నంతనే టీగ్లాసు క్రింద పెట్టి శ్రద్ధగా వింటిని. ధర పెరిగి కడ్డీ పొడుగైనచో బలము. ధర పెరిగి కడ్డీ పొట్టిదైనచో, అమ్మువారు కరవైరి గనుక అదియును బలమే. మరునాడు ధర పడినచో మాత్రము, కడ్డీ పొట్టిగా నున్నప్పుడే బుద్ధిమంతుడు అనుమానింపవలసి యుండెనట. ధర పడి కడ్డీ పొడుగైనచో, పెద్ద తలకాయలు సరుకు వదిలించుకొనుచున్నవని ఒక సంప్రదాయము. పిరికివా రందరును అమ్ముకొని పోయిరి గనుక ఇక ఎక్కుటయే తరువాయి యని వేరొక సంప్రదాయము. మా కొండలలో ముహూర్తములు పెట్టు దిసారి పెండ్లికి ఒక దినము చెప్పెనా, ఆనాడు జడివాన కురిసినచో ఊరివారి మాట పడక తప్పదు. ఈ గాజుపలక దిసారులకో, ఏది జరిగినను ముందే చెప్పియుండుట అను మహాసౌకర్యము కలదు.

"పచ్చ కడ్డీ అంటే కొన్నవాళ్లెక్కువ, ఎర్ర కడ్డీ అంటే అమ్మినవాళ్లెక్కువ" అని పాఠము ముందుకు సాగెను. ఎదుటనే ఒక ముసలమ్మ కుంచముతో చోళ్లు కొలుచుచుండెను. ఆమె పది కుంచములు అమ్మినదన్నచో ఎవరో పది కుంచములు కొన్నారన్నమాటయే గదా, పదునొకండవ కుంచము కొన్న ఆ అధికుడు ఎవరి చోళ్లు పట్టుకొని పోయెనురా యని అడిగితిని. అతడు నావంక జాలిగా చూచెను. శాస్త్రము తెలియనివానికి అంకగణితమే గతి యని ఆ చూపునకు అర్థము.

ఈ విద్యకు మూలపురుషులలో ఒకడు జోసెఫ్ గ్రాన్‌విల్ అను అమెరికా దేశస్థుడు. 1963లో వెలువడిన తన గ్రంథమున ఆయన ఒక లెక్క ప్రచారము చేసెను: దినాంతమున ధర నిన్నటికంటె పైస పెరిగినను ఆనాటి పరిమాణ మంతయు కూడవలెను, పైస తగ్గినను అంతయు తీసివేయవలెను. అనగా, ప్రొద్దుగూకువేళ అల్లము ధర రూపాయి పెరిగినచో, ఉదయము నుండి విసిగి వేసారి అయినకాడికి అమ్ముకొన్నవారు సైతము ఆశావాదుల పద్దున జమ యగుదురు. 1981 జనవరిలో ఆయన సమస్తమును అమ్ముడని చాటగా మార్కెట్టు నిజముగనే ఉలిక్కిపడినది. 1982 ఆగస్టులో అది పైకెగయ నారంభించిన తరువాతను ఆయన అమ్ముడనుచునే యుండెను. నడుమ కాలిఫోర్నియాకు భూకంపమును కూడ ప్రకటించెను. భూమి ఆయన గ్రంథము చదివినట్లు లేదు.

గ్రాన్‌విల్ బేరములకు సాయంకాలమైనను ఉండెను. అరకు సంతకును ఉన్నది: ప్రొద్దు వాలినతోడనే జీపులు హారన్లు మ్రోగించును, బుట్టలు తలకెక్కును, బేరము ముగియును. క్రిప్టో సంతకు రాత్రి లేదు, ఆదివారము లేదు, ముగింపు లేదు. అయినను చార్టునకు ఒక దినము కావలెను గనుక, గ్రీనిచ్ అర్ధరాత్రిని దినాంత మనిరి. అది మనకు తెల్లవారుజామున అయిదున్నర. లోయలో ఎదుటిమనిషి కనబడనంత మంచు దిగియున్న ఆ వేళకు మా మేనల్లుడు కంబళి కప్పుకొని కూర్చుండి, నిన్న ఎట్లు ముగిసినదో చూచును.

ఇక అసలు సంగతి. నాకు కొండమీది సంతలు తిరుగుట వ్యసనము. ఒకమారు అరకు సంతలో ఒక పండ్లపొడివాడు డప్పు మ్రోగించి గుంపు పోగుచేసెను. ఎవరును కొనరైరి. అంతట దవడ చేతబట్టుకొని మూలుగుచు ఒక నడివయస్కుడు గుంపు చీల్చుకొని వచ్చి, చిటికెడు పొడి పంట నొక్కుకొని, "అమ్మ నాయనో, పోటు ఇట్టే పోనాది! రెండు పొట్లాలియ్యి బాబూ" అని నోటు తీసి యిచ్చెను. గుంపు కదిలినది, నలుగురైదుగురు కొనిరి. రెండు దినముల తరువాత హుకుంపేట సంతలో అదే డప్పు, అదే దవడ, అదే మూలుగు. పాడేరులోను అంతియే. ఆ సాయంకాలము జీపులు నిలుచు చోట ఒకే విస్తరాకు నుండి వా రిరువురును అన్నము తినుచుండగా, పండ్లపొడివాని భార్య ఆ రోగిని "తమ్ముడూ, ఇంకొంచెం యెయ్యనా" అని అడిగెను. భోజనానంతరము తమ్ముడు మొలలోని రెండు పొట్లములను తీసి బావ పెట్టెలో భద్రముగా పెట్టెను. ఆ రెండు పొట్లములే ఆనాడు ఏడుమారులు అమ్ముడుపోయినవని నా లెక్క. పలకలో కడ్డీ గీయువాడు అక్కడ ఉండినచో పదునాలుగు పొట్లముల వ్యాపారము వ్రాసికొని, పండ్లపొడికి మంచికాలము వచ్చెనని చాటింపు వేసియుండును.

క్రిప్టో లోకమున ఈ బావమరిది బేరమునకు వాష్ ట్రేడింగు అని పేరు. 2019 మార్చిలో బిట్‌వైజ్ అను సంస్థ అమెరికా సెక్యూరిటీల కమిషనుకు సమర్పించిన పరిశీలనలో 81 ఎక్స్చేంజీలను, అనగా క్రిప్టో సంతలను, తరచిచూచి, ప్రకటింపబడిన బిట్‌కాయిన్ వ్యాపారమున 95 శాతము బూటకమనియు, నిజమని నమ్మదగిన లెక్క చూపినవి పది మాత్రమేననియు తేల్చెను. ఈ మాట అన్నది క్రిప్టో శత్రువు కాదు. తన బిట్‌కాయిన్ నిధికి అనుమతి వేడుచున్న సంస్థయే. 2022లో ఆర్థికవేత్తలు గణితపరీక్షలు పెట్టగా, నియంత్రణ లేని ఎక్స్చేంజీలలో సగటున 70 శాతమునకు పైబడి బావమరిది పద్దేనని తేలెను. 2024 అక్టోబరులో బయటపడిన వృత్తాంతము మరియును రసవత్తరము. అమెరికా ఎఫ్‌బీఐ వారు దొంగలను పట్టుటకై తామే నెక్స్‌ఫండ్ ఏఐ అను నాణెమును సృష్టించి, దానికి వాల్యూమ్ పెంచిపెట్టువారు కావలెనని కబురంపిరి. కిరాయి దవడలు పట్టుకొని మార్కెట్ మేకర్లు వచ్చిరి. వ్యక్తులు, సంస్థలు కలిసి 18 మందిపై కేసులు పడెను.

వాష్ అనగా కడుగుట. కడుగుట మాకును తెలియును. అరకు కాఫీ పండును పల్పింగు చేసి, జిగురు పోవునట్లు నీట కడిగి, ఆరబెట్టి, ఒలిచినచో, ఆరు కిలోల పండునకు కిలో గింజ మిగులుట కష్టము. ఇక్కడ కడిగినకొలది తూకము తరుగును. అక్కడ కడిగినకొలది పెరుగును. మా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది గాని, ఈ ప్రజ్ఞ మాత్రము మావారికి అబ్బలేదు.

సరుకు ఎంతని అడుగుటకు ముందు కుంచము ఎవరిదని అడుగుట ఈ కొండలలో పాత అలవాటు. మైదానము నుండి వచ్చిన షావుకారు తాను కొనుటకొక కుంచము, అమ్ముటకొక కుంచము తెచ్చుకొన్న కాలమును మరచిపోనివారున్నారు. ఆ దళారుల బెడద తప్పించుటకే 1956లో విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ వెలసినది. ఎక్స్చేంజి యందు కుంచము ఎవరిది? రుసుము గుంజువాడిది. కొలిచి చెప్పువాడెవడు? వాడే. ఎక్కువ కొలిచినచో కొత్తవారు వచ్చి చేరుదురు, నాణెములవారు తమ సరుకు చేర్పించుటకు సొమ్మిత్తురు. ఇన్ని లాభములుండగా తక్కువ చెప్పు మహాత్ముడు నాకు తారసపడలేదు.

కొలత నిజమే యనుకొందము. అయినను అది మార్కెట్టు మనసునే చెప్పునా? 2022 జూలై 1 నుండి మనదేశమున క్రిప్టో బదిలీలకు 1 శాతము మూలమందే పన్ను కోతపెట్టగా, దేశీయ ఎక్స్చేంజీల కడ్డీలు కొద్దిదినములలోనే కుప్పకూలెను. అదే నెలలో బైనాన్స్ అను ఎక్స్చేంజి వారు బిట్‌కాయిన్ బేరములకు రుసుము ఎత్తివేయగా అచ్చటి కడ్డీలు ఉబ్బెను. 2023 మార్చిలో మరల విధింపగా కృశించెను. ఈ ఎగుడుదిగుళ్లలో మదుపరుల నిగూఢ మనోగతమును చదివినవారు చదివినది పన్నుల చట్టమును, రుసుముల పట్టికను మాత్రమే.

న్యాయము చెప్పవలెనన్న, నిజమైన కొలత ఒక మాట నిజముగ చెప్పును. సంతకు జనము దండిగా వచ్చినచో మన బుట్ట ధర విరగకుండ అమ్ముడుపోవును. పలుచనైనచో నాలుగు బుట్టలు దించగానే ధర పడును. అంతవరకే. వచ్చేవారము పసుపు ధర ఎంతో ఆ జనమునకును తెలియదు.

ఈ బూటకముల కథ మేనల్లునికి చెప్పగా, "అవన్నీ చిన్న కాయిన్లు మావయ్యా. ఇది చూడు, బ్రేకవుట్!" అని మా వాడు పలకను నా ముక్కునకు ఆనించెను. నిజమే, చివరి కడ్డీ ఒకటి తక్కినవానిని తన్ని లేచినట్లు నిలువునా నిలిచియుండెను. అదే సమయమున సంత ఆవలికొసనుండి డప్పు వినబడెను. టీకొట్టు ప్రక్కగా ఒక నడివయస్కుడు ఎడమదవడ పట్టుకొని త్వరత్వరగా పోవుచు, నన్ను చూచి గుర్తుపట్టి, ఒక్క క్షణము ఆగి, చేతిని కుడిదవడకు మార్చుకొని గుంపులోనికి నడచెను.