మా రోజుల్లో మన్యం అంటే మంచు కాదు

ఒరే అబ్బాయిలూ, చలికాలం రాగానే రాత్రికి రాత్రి తణుకులో కారెక్కి తెల్లారేసరికి లంబసింగిలో వాలిపోతారు. మంచులో నిలబడి ఫోటోలు దిగడం, పొగలు కక్కే టీ తాగడం, మన్యం చూసొచ్చామంటూ తిరిగి రావడం. ఏం చూశార్రా? నర్సీపట్నం నుంచి లంబసింగికి దారి వేసినప్పుడు మట్టి మోసిందెవరో ఎవరైనా చెప్పారా మీకు?

మాకు చెప్పేవాళ్లు. కోతలై కుప్పనూర్పిళ్లు ముగిశాక ఊళ్లో బుర్రకథ పెడితే తెల్లవార్లూ కూర్చునేవాళ్లం. గూడెం తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ల చేత ఆ రోడ్డు పని చేయించుకుని కూలి ఎగ్గొట్టాడనీ, 1882 అడవి చట్టం వచ్చాక పోడు కొట్టుకు బతికేవాళ్లకి సొంత కొండమీదే కాలు పెట్టే హక్కు లేకుండా పోయిందనీ అక్షరం రాని ముసలమ్మలు కూడా పొల్లుపోకుండా చెప్పేవారు. ఇప్పుడు ఆ అన్యాయం మీద తిరగబడ్డ అల్లూరి సీతారామరాజు విగ్రహానికి జయంతినాడు దండ వేసేస్తే సరిపోయింది!

ఆయనేం పరాయివాడా? మన నరసాపురం టేలర్ హైస్కూల్లో చదివిన కుర్రాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి... వరసగా మూడు ఠాణాలు కొట్టి 26 తుపాకులు పట్టుకెళ్లాడు. దొంగలా కాదు, ఏమేం తీసుకెళ్తున్నాడో కాగితం మీద రాసి, సంతకం పెట్టి మరీ. ఆ తరవాత అడ్డతీగలకి వస్తున్నానంటూ ముందే మిరపకాయలు కట్టిన ఉత్తరం, అదే మిరపకాయ టపా, పంపాడు. యుద్ధంలో కూడా మాటకి విలువుండేదిరా అప్పుడు. మీరేమో వస్తామన్న పెళ్లికే రారు.

దామనపల్లి కనుమలో కవార్డు, హైటరు అనే తెల్లదొరలు కూలాక సర్కారు మలబారు పోలీసుల్ని, అస్సాం రైఫిల్సునీ దించింది. గుప్పెడు గుడిసెల ఊళ్ల మీద అంత సైన్యం! 1924 మే 7న రాజుగారు మంప దగ్గర దొరికితే కొయ్యూరులో చెట్టుకి కట్టి కాల్చేశారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

మేం అక్కడికి వెళ్లాలంటే నిడదవోలులో బండి మారి, తునిలో దిగి, కిటకిటలాడే బస్సెక్కి కొండల కిందకి చేరేవాళ్లం. దారంతా ఊరి పెద్దలు ఆ కథే చెప్పేవారు. దిగేసరికి ఎక్కడ నిలబడ్డామో తెలిసేది. ఇప్పుడు కారు తలుపు తెరిచేదాకా ఫోన్లోంచి తలెత్తరు.

రాజుగారి పేరన్నా మీకు తెలుసు, నయం. పక్కన నిలబడి పోరాడిన గాం గంటం దొర ఎవర్రా? ఆయన తమ్ముడు మల్లుదొర ఎవరు? స్వతంత్రం వచ్చాక 1952లో విశాఖ నుంచి లోక్‌సభకి గెలిచాడు ఆ మల్లుదొర. వాళ్లు లేకపోతే రాజుగారికి దారి చూపేదెవరు, తిండి పెట్టేదెవరు? 2022లో భీమవరంలో రాజుగారి 30 అడుగుల కంచు విగ్రహం పెట్టారు, పాడేరు కేంద్రంగా ఆయన పేరుతో జిల్లా చేశారు. సంతోషం. కానీ కూలి కోసం, పోడు కోసం ప్రాణాలిచ్చిన కొండవాళ్ల పేర్లు మీ పిల్లలకి చెప్పకపోతే కంచు పోసి ఏం లాభం? ఈసారి లంబసింగికి బయల్దేరితే ముందు కృష్ణదేవిపేటలో కారాపండి. సమాధి దగ్గర కాసేపు కూర్చుని, ఆ పోరు ఎందుకొచ్చిందో పిల్లలకి మీ నోటితో చెప్పండి. మంచు ఎక్కడికీ పోదు.