పారిస్ వెళ్లి, పారిస్ చూడకుండా తిరిగొచ్చే మార్గం

సంక్రాంతి సెలవులకి నాలుగు రోజులు లీవు కలిపి పారిస్ వెళ్లొద్దామనుకుంటున్నారా? భేష్. జనవరిలో విమానం టికెట్టు కాస్త చవక, హోటల్ చవక, జనం పలచన. కానీ ఒక ప్రమాదం ఉంది. జనం లేరు కదా అని ఏమరుపాటుగా తిరిగితే ఆ ఊరు మనకి నిజంగానే కనబడిపోవచ్చు. అంతదాకా రానివ్వకుండా, లక్షలు పెట్టి వెళ్లి, ఫోటోలు దిగి, ఒంటికి ఏమీ అంటించుకోకుండా తిరిగి రావడం ఎలాగో చెబుతాను. ఈ పద్ధతి ఎప్పుడూ విఫలం కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది ముందు చెప్పాలి. పారిస్ ఒక్కదానికే వెళ్లకండి. షెంగెన్ వీసాకి తొంభై యూరోలు కట్టి ఒక్క ఊరు చూసి రావడం ఏమిటి, అదే తొంభైకి ఇరవై తొమ్మిది దేశాలు తిరగొచ్చు కదా! పది రోజుల్లో ఏడు దేశాలు చూపించే ప్యాకేజీ తీసుకోండి. అందులో పారిస్ వాటా ఒకటిన్నర రోజు వస్తుంది. సంక్రాంతి నాటికి అక్కడ సూర్యుడు ఎనిమిదీ నలభై ప్రాంతంలో లేచి, సాయంత్రం అయిదూ ఇరవై అయ్యేసరికి దుకాణం కట్టేస్తాడు. తొమ్మిది గంటలు కూడా నిండని ఆ పగటిలో అల్పాహారం, బస్సు, ట్రాఫిక్కు, గ్రూపులో ఎవరో బాత్రూముకి వెళ్లి తప్పిపోవడం పోగా మిగిలే సమయంలో పారిస్ మిమ్మల్ని ఏమీ చెయ్యలేదు.

స్వయంగా ప్లాన్ వేసుకునేవాళ్లు సోమవారం వెర్సాయ్, ఓర్సే మ్యూజియం పెట్టుకోండి. మంగళవారం లూవ్ర్, ఒరాంజరీ పెట్టుకోండి. మొదటి రెండింటికీ సోమవారం సెలవు, తరవాతి రెండింటికీ మంగళవారం సెలవు కనుక క్యూలో నిలబడే బాధ అసలే ఉండదు. మూసిన గేటు ముందు ఫోటో కూడా బాగానే వస్తుంది. ఇంకా టైముంటే పాంపిడూ సెంటర్‌కి వెళ్లండి. దాన్ని 2025లో మరమ్మతులకి మూశారు, 2030 దాకా తెరిచే ఉద్దేశం లేదు, కాబట్టి అక్కడ రద్దీ అనే మాటే లేదు. తేదీలు ఎంచుకునేటప్పుడు మాత్రం జనవరి చివర ఫ్యాషన్ వీక్ ఎప్పుడుందో కనుక్కుని సరిగ్గా ఆ రోజులకే గది తీసుకోండి. ఖాళీ సీజన్లో కూడా హోటళ్లు రేట్లు పెంచగల సందర్భం ఉందంటే దాన్ని మనం వదులుకోకూడదు.

ఇక బట్టలు. అమెరికాలో మినియాపొలిస్‌లో పనిచేసొచ్చిన తోడల్లుడి జాకెట్టు అరువు తెచ్చుకోండి. సున్నాకి ఇరవై డిగ్రీలు దిగువన కూడా ఆగేదై ఉండాలి. పారిస్‌లో జనవరి రాత్రి మూడు డిగ్రీలు, మధ్యాహ్నం ఏడెనిమిది, అంతే. అసలు చలి కన్నా సన్నటి తుంపర, బూడిదరంగు ఆకాశం ఎక్కువ. కానీ ఆ సంగతి జాకెట్టుకి తెలియదు. మెట్రోలోకి దిగగానే ఉక్క, మ్యూజియంలో హీటింగు, కొట్లలో హీటింగు. లోపల పలచటి ఉన్ని చొక్కాలు రెండు మూడు పొరలు వేసుకుని, ఒక్కొక్కటే విప్పుకుంటూ, పైన వాన ఆగే కోటు తొడుక్కుంటే హాయిగా ఉంటుంది కనుక అలా చెయ్యకండి. లూవ్ర్‌లో లాకర్లు ఉచితం. అందులో జాకెట్టు పెట్టకుండా చేతిమీద మోస్తూ తిరగండి. బూట్లు మంచులో నడిచేవే కొనండి. పారిస్‌లో మంచు పడడం అరుదు, పడినా తెల్లారేసరికి చాలావరకు నీళ్లయిపోతుంది. తడి రాతిమీద జారని మామూలు బూటు వేసుకుంటే పడిపోయే అనుభవం దక్కదు.

మంచు మాట వచ్చింది కాబట్టి, మంచులో ఐఫెల్ టవర్ ఎక్కాలనే కోరిక చాలామందికి ఉంటుంది. దాన్ని గట్టిగా పెంచుకోండి. మంచు గట్టిగా పడిన రోజున టవర్ని మూసేస్తారు. రోడ్డుమీద చల్లినట్టు అక్కడ ఉప్పు చల్లడానికి లేదు, ఇనుముకీ లిఫ్టుల యంత్రాలకీ చేటు. ఇది కాక జనవరిలో చాలా ఏళ్లు టవర్ శిఖరాన్ని కొన్ని వారాలు వార్షిక మరమ్మతులకి మూసి ఉంచుతారు. మిగతా రోజుల్లో శిఖరం మబ్బులో ఉంటుంది. కనుక మూడు వందల ముప్పై మీటర్ల టవర్‌కి శిఖరం దాకా టికెట్టు దొరికే తేదీ చూసుకోకుండా వెళ్లి, కింద నిలబడి, "ఏముంది, ఇనప కడ్డీలు" అనేసి వచ్చేయడం ఉత్తమం.

మన గడియారానికీ వాళ్ల గడియారానికీ చలికాలంలో తేడా నాలుగున్నర గంటలు. మొదటి రెండు రోజులు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. వెంటనే అత్తగారికి వీడియో కాల్ చెయ్యండి. ఇక్కడ ఏడున్నర, ఆవిడ కాఫీ తాగుతూ ఉంటారు. తరవాత ఫోన్లో రీల్సు. ఏడింటికి వీధి చివర రొట్టెల కొట్టు తెరుస్తారు. ఇంకా చీకటిగానే ఉంటుంది, అద్దాలకి ఆవిరి పట్టి ఉంటుంది, వేడి క్రొసాంట్ల వెన్న వాసన వీధిలోకి వస్తుంది, ఆఫీసుకి పోయేవాళ్లు కాగితంలో చుట్టించుకుని తింటూ నడుస్తుంటారు. సరిగ్గా అప్పుడే మీకు మళ్లీ నిద్ర పట్టాలి.

భోజనం సంగతి మనవాళ్లకి చెప్పక్కర్లేదు. రైస్ కుక్కర్, ఇండక్షన్ పొయ్యి తీసుకెళ్లి గదిలోనే పోపు పెట్టండి. పొగ పసిగట్టే గంట మోగితే హోటల్లో అందరితో పరిచయం అవుతుంది. పచ్చళ్లలో కోడి పచ్చడి తప్పకుండా పెట్టుకోండి, పాలకోవా కూడా. మాంసంతో, పాలతో చేసినవి బయటి దేశాల నుంచి ఐరోపా సమాఖ్యలోకి తేకూడదని నియమం ఉంది కాబట్టి విమానాశ్రయంలో కాస్త కాలక్షేపం. రొయ్యల పచ్చడికి ఆ నిషేధం లేదు కనుక అది పట్టుకెళ్లడంలో మజా లేదు.

ఇంటి తిండి మీద బెంగ మరీ ఎక్కువైతే షాంజెలీజే మీద ఇండియన్ అని బోర్డున్న ఖరీదైన హోటలు వెతుక్కోండి. గార్ ద్యు నోర్ స్టేషన్ వెనక లా షాపెల్ వైపు మాత్రం పోకండి. అక్కడ శ్రీలంక తమిళుల వీధులున్నాయి. దోసెలు, ఇడ్లీలు, కరివేపాకు, అరటాకులు, దగ్గర్లో పజోల్ వీధిలో వినాయకుడి గుడి కూడా ఉంది. సంక్రాంతి పూట అటు వెళ్తే పండగ దొరికిపోతుంది. యానాం వైపు మీకు తెలిసినవాళ్లుంటే వాళ్లనీ ఏమీ అడగకండి. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరు అది. ఫ్రెంచి పౌరసత్వంతో ఫ్రాన్సుకి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాల వాళ్లు ఏ కొట్లో ఏం దొరుకుతుందో, ఏ లైనులో మెట్లు ఎక్కువో విప్పి చెప్పేస్తారు.

కాఫీకి కూర్చున్నప్పుడు బయట టెర్రేసు మీదే కూర్చుని హీటర్ వెయ్యమని దబాయించండి. బయటి హీటర్లని ఫ్రాన్సులో 2022 నుంచి నిషేధించారు, ఈ మాట వెయిటర్ మీకు ఎంత ఓపికగా చెబుతాడో చూడొచ్చు. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే అదే కాఫీ తక్కువకి వస్తుంది, పక్కనున్న ముసలాయన ఫుట్‌బాల్ గురించి ఏదో అంటాడు, మీరు నవ్వాల్సొస్తుంది. అదంతా ఎందుకు? నీళ్లు కావాలంటే సీసా కొనండి. కూజాలో కుళాయి నీళ్లు అడిగితే ఉచితంగా ఇవ్వాలి, కానీ అడగడం నామోషీ. కొట్లోకి అడుగు పెడుతూ బోంజూర్ అనకుండా నేరుగా "హౌ మచ్?" అనండి. ఫ్రెంచివాళ్లు పొగరుబోతులని తిరిగొచ్చి చెప్పడానికి ఈ ఒక్క చిట్కా చాలు.

జనవరి అంతా రొట్టెల కొట్లలో రాజుల కేకు అమ్ముతారు. పొరలు పొరలుగా కాల్చిన పిండి, లోపల బాదం ముద్ద. అందులో ఒక చిన్న పింగాణీ బొమ్మ దాస్తారు. ఇంట్లో అందరికన్నా చిన్నపిల్లని బల్ల కింద కూర్చోబెట్టి ఏ ముక్క ఎవరికో చెప్పిస్తారు, మోసం జరగకుండా. బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్లకి కాగితం కిరీటం. పిల్లలతో వెళ్లినవాళ్లు దీన్ని కొనకండి, గదిలో అనవసరంగా నవ్వులు. కొంటే మాత్రం బొమ్మ సంగతి ఎవరికీ చెప్పకుండా గట్టిగా కొరకనివ్వండి.

వెర్సాయ్‌కి ఫౌంటెన్ల కోసం వెళ్లండి. చలికాలంలో అవి ఆడవు. తోటలోని పాలరాతి విగ్రహాలకి టార్పాలిన్లు కప్పేస్తారు, ఆవిష్కరణకి మంత్రిగారి కోసం ముసుగేసుకుని నిలబడ్డ మన కూడలి విగ్రహాల్లా. నవంబరు నుంచి మార్చి దాకా ఆ తోటలోకి ఉచితంగా పోనిస్తారన్నది దాచవలసిన విషయం. మైళ్ల కొద్దీ ఆకు రాలిన చెట్లు, మనిషి అలికిడి ఉండదు, మీకెందుకొచ్చిన తలనొప్పి? ఉచితం అనగానే నాసిరకమని తీర్మానించడం మంచి అలవాటు. కార్నవాలే మ్యూజియం, పెతి పలే, విక్టర్ హ్యూగో ఇల్లు, వీటిలో శాశ్వత సేకరణ చూడడానికి పైసా తీసుకోరు. కనుక వదిలెయ్యండి. నోత్రదామ్ చర్చి 2019లో కాలిపోయి 2024 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది, లోపలికి టికెట్టు లేదు. అక్కడ మాత్రం ఎవరైనా ఏజెంటుకి డబ్బిచ్చి ప్రవేశం కొనుక్కోండి.

సెన్ నదిలో పడవ షికారుని చివరి సాయంత్రానికి పెట్టుకుని, అది తప్పితే ఇంకేం చెయ్యాలో ఆలోచించకుండా ఉండండి. ఆ నదికి వరద వచ్చేది ఎక్కువగా చలికాలంలోనే. 1910 జనవరిలో నీళ్లు 8.62 మీటర్లకి ఎక్కాయి, 2018 జనవరి చివర ఆరు మీటర్లకి దగ్గరగా వచ్చాయి. నీళ్లు పెరిగితే పడవ వంతెన కింద పట్టదు, ఆపేస్తారు.

ఇక్కడ కాస్త పొడుగు హెచ్చరిక చెయ్యాలి. చలికాలంలో యాత్రికుణ్ణి చెడగొట్టేవి గాజుకప్పు సందులు. పద్దెనిమిదో శతాబ్దం చివర పారిస్ వీధులకి పేవ్‌మెంట్లు అంతగా లేవు. బురద, బగ్గీలు, వాన. ఇళ్ల మధ్య నుంచి ఒక వీధిలో మొదలై మరో వీధిలో తేలేలా సందు తీసి, పైన గాజు వేసి, రెండు పక్కలా కొట్లు పెడితే వానకి తడవకుండా జనం వచ్చి కొంటారని స్థలాల ఆసాములకి తోచింది. అలా వచ్చినవాటిలో పాసాజ్ దే పనోరమా 1799 నాటిది, గాలరీ వివియెన్ 1823 నాటిది. వందకు పైగా కట్టారు, ఇప్పుడు ఇరవై చిల్లర మిగిలాయి. పనోరమా, జూఫ్‌రువా, వెర్దో సందులు ఒకదాని తరవాత ఒకటి వస్తాయి. మధ్యలో రోడ్డు దాటేటప్పుడు తప్ప తల తడవదు. పాత తపాలా బిళ్లలు, చేతికర్రలు, బొమ్మలు, పాత పుస్తకాలు. నాలుగింటికే దీపాలు వేస్తారు, పైన గాజుమీద వాన చప్పుడు వినబడుతూ ఉంటుంది. వాన పడే ఊళ్లో వాన కోసమే కట్టిన చోటు ఇది, జూలైలో వచ్చినవాడికి దీని అవసరమే తెలియదు. మీరు మాత్రం ఆ టైముకి షాంజెలీజే మీద తడుస్తూ, హైదరాబాద్ మాల్‌లో ఉన్న కొట్లనే మరోసారి చూసుకుంటూ నడవాలి. జనవరిలో ప్రభుత్వం నిర్ణయించిన బుధవారం పొద్దున ఎనిమిదింటికి డిస్కౌంటు సేల్సు మొదలై నాలుగు వారాలు సాగుతాయి, ఆ మొదటి శనివారం డిపార్ట్‌మెంట్ స్టోర్లలో పడితే ఖాళీ సీజన్ అన్న మాటే మరిచిపోతారు.

ఒరాంజరీ కూడా అంతే ప్రమాదం. ట్వీలరీ తోటలో నారింజ చెట్లు చలికాలం వెళ్లదీయడానికి 1852లో కట్టిన భవనం అది. ఇప్పుడు అందులో చెట్ల బదులు మోనే కలువలు ఉన్నాయి. కోడిగుడ్డు ఆకారంలో రెండు గదులు, గోడ చుట్టూ వంకర తిరిగిన ఎనిమిది బొమ్మలు. వెలుతురు పైకప్పు నుంచి దిగుతుంది కాబట్టి బయట మబ్బు పట్టితే చెరువు కూడా మసకబారుతుంది. 1926 డిసెంబరులో మోనే పోయాడు, తరవాతి మేలో ఈ గదులు తెరిచారు. మధ్యలో బెంచీలున్నాయి. కూర్చోకండి. కూర్చుంటే గంట పోతుంది, ఏడు దేశాల ప్రోగ్రాం పాడవుతుంది.

చివరికి లూవ్ర్. 2026 జనవరి నుంచి ఐరోపా బయటివాళ్లకి టికెట్టు 32 యూరోలు. అంత పెట్టాక గంటంబావులో ముగించకపోతే గిట్టదు. నేరుగా మోనాలిసా దగ్గరికి పరుగెత్తండి, డెబ్భై ఏడు సెంటీమీటర్ల ఎత్తు బొమ్మ ముందు జనవరిలో కూడా జనం ఉంటారు, చెయ్యి పైకెత్తి సెల్ఫీ తీసుకోండి. ఎదురు గోడమీద వెరొనేసే వేసిన పెళ్లివిందు ఉంది, దాదాపు పది మీటర్ల వెడల్పు, నూట ముప్పై మంది దాకా మనుషులు, వడ్డన, వాద్యాలు, కుక్కలు, మధ్యలో సరుకు అయిపోయిందన్న కంగారు. మన పెళ్లిళ్లు చూసినవాళ్లకి ఆ బొమ్మలో ప్రతి మూలా అర్థమవుతుంది. దానికి వీపు చూపించి నిలబడడం అక్కడి ఆచారం, మీరూ పాటించండి.

చీకటి పడగానే గ్రూపుతో పాటు హోటలుకి వచ్చేయండి. బుధ, శుక్రవారాల్లో లూవ్ర్ రాత్రి తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది, గురువారం ఓర్సే మ్యూజియం తొమ్మిదీ నలభై అయిదు దాకా. దయచేసి ఈ సంగతి బస్సులో ఎవరికీ చెప్పకండి.