కొమ్మ, దిమ్మ, మట్టి: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

అవతారిక

చామంతి వంటి మొక్కలను గింజతో గాక కొమ్మ చివరలతో పెంచే పద్ధతిలో, 5 నుంచి 7 సెంటీమీటర్ల కొమ్మను చిన్న దిమ్మలో గుచ్చి, తేమగాలిలో ఉంచి వేళ్లు పుట్టించి, ఆ పిమ్మట కుండీలోకి గాని మడిలోకి గాని మార్చే ఘట్టం ఈ పద్యానికి విషయం. కావ్యనాయకుడు మేడమీద తోట పెంచే గృహస్థుడు. ఉత్సాహం అతని గుణం, ఆత్రం అతని దోషం. ఆ దోషాన్ని అదుపులో పెట్టడమే కవి ఉద్దేశమని గ్రహించాలి.

మూలం

వేళ్లు వెలుపలఁ దోచిన వేళ కొమ్మ
దిమ్మ తోడనె మట్టిలో దింపి, పైన
మట్టి పొరఁ గప్పి, నీరిచ్చి, మండుటెండ
సోకనీయక వారము చూడవలయు.

ప్రతిపదార్థం

వేళ్లు = కొమ్మకు కొత్తగా పుట్టిన వేళ్లు; వెలుపలన్ = దిమ్మ పక్కలనుండి, అడుగునుండి; తోచిన వేళ = కనబడిన సమయమందు; కొమ్మ = ఆ కొమ్మను; దిమ్మ తోడనె = దిమ్మతో సహా మాత్రమే; మట్టిలో దింపి = సిద్ధం చేసిన గుంటలో నిలిపి; పైన = దిమ్మ నెత్తిమీద; మట్టి పొరన్ కప్పి = పలుచగా మన్ను పరచి; నీరు ఇచ్చి = తడిపి; మండుటెండ సోకనీయక = నడి ఎండ తగలకుండా కాచి; వారము = ఏడు రోజులు; చూడవలయు = కనిపెట్టి ఉండాలి.

టీక

‘వేళ్లు వెలుపలఁ దోచిన వేళ’: కొమ్మకు పుట్టుకతో వేళ్లు ఉండవు. కోత పడిన చోటికి ఆక్సిన్ అనే వృద్ధి రసాయనం దిగివచ్చి చేరగా, కాండంలోని కొన్ని కణాలు తమ పాత వృత్తి మాని వేళ్లుగా మారతాయి. వృక్షశాస్త్రం వీటిని అబ్బురపు వేళ్లు అంటుంది. నర్సరీలలో కోతకు అద్దే పొడిలోని ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం ఈ ఆక్సిన్ జాతిదే. చామంతికి ఈ పని రమారమి రెండు మూడు వారాలలో జరుగుతుంది. కొమ్మను మెల్లగా లాగి చూస్తే, ఊడిరాకపోవడమే వేళ్లకు రుజువు గదా అని శంక. రుజువు దొరికే మాట నిజమే గాని, ఆ లాగుడులోనే నీటిని పీల్చే సన్నని మూలకేశాలు తెగుతాయి కనుక, అది సాక్షిని చంపి సాక్ష్యం తీసుకోవడం అవుతుందని సమాధానం. ఈ కారణం చేతనే కవి ‘తోచిన’ అని కంటికి పని చెప్పాడు గాని చేతికి చెప్పలేదు. తెల్లని వేరుకొసలు బయటికి వచ్చాక కూడా జాగు చేస్తే, అవి దిమ్మ చుట్టూ చుట్టుకొని, గాలికి ఎండి గోధుమరంగు తిరుగుతాయి.

‘దిమ్మ తోడనె’: ఇందలి ఏవకారం పద్యానికి ప్రాణం. వేళ్లు దిమ్మలోని పీచు మధ్యగా అల్లుకొని ఉంటాయి కాబట్టి, దిమ్మను విడదీయబోతే వేళ్లు దిమ్మ పక్షాన్నే ఉండిపోతాయి. దిమ్మలు పలువిధాలు. కొబ్బరి పీచు తీయగా మిగిలిన పొట్టుతో చేసినది కోకోపీట్ దిమ్మ. నాచునేలల పీట్‌ను నొక్కి బిళ్లగా చేసి సన్నని వలలో చుట్టినది రెండవది. బసాల్ట్ రాతిని కరిగించి నూలుగా తీసినది రాక్‌వూల్. మొదటి రెండూ కాలక్రమాన మట్టిలో కలుస్తాయి. రాక్‌వూల్ కలవదు, అయినా వేరుకు అడ్డు చెప్పదు. ప్లాస్టిక్ వల ఉన్న బిళ్ల విషయంలో మాత్రం, వేళ్లకు హాని కలగని మేరకు వలను కోసి నాటడం మేలు. వల దిమ్మలో భాగం గాదు, ఆచ్ఛాదనం మాత్రమే కనుక ఏవకారానికి భంగం రాదు.

‘పైన మట్టి పొరఁ గప్పి’: తొలిచూపుకు ఇది పాదపూరణంలా కనబడుతుంది గాని, దీన్ని ఉపేక్షించిన చోట కొమ్మ చావవచ్చు. దిమ్మ నెత్తి గాలికి తెరచి ఉంటే, అది దీపపు ఒత్తి నూనెను లాగినట్లు అడుగు తడిని పైకి లాగి గాలికి అప్పగిస్తుంది. ఇదిగాక, సన్నని రంధ్రాలు గల బంకమట్టి, తనకంటే పెద్ద రంధ్రాలు గల దిమ్మలోని నీటిని తనవైపు పీల్చుకుంటుంది; సన్నని సందులలో నీరు ఇలా తనంతట పాకడాన్ని కేశనాళికా చర్య అంటారు. అందుచేత కుండీ అంతా తడిగా ఉండగా నడుమ దిమ్మ ఒక్కటే ఎండిపోవడం, వేళ్లు ఇంకా ఆ ఎండిన దిమ్మలోనే ఉండడం సంభవిస్తుంది. సెంటీమీటరు మందం మన్ను కప్పితే చాలు. మరీ లోతుగా పూడిస్తే కాండం మొదలు కుళ్లుతుంది.

‘నీరిచ్చి’: నాటడానికి ముందు దిమ్మను, నాటాక మట్టిని తడపాలని రెండు విధాల అన్వయం. ఒకసారి పూర్తిగా ఎండిన పీట్ నీటిని తేలికగా తిరిగి పీల్చదు కాబట్టి మొదటిది అవసరం; నీటి వెంట మన్ను దిగి దిమ్మ చుట్టూ ఉన్న గాలిసందులను పూడుస్తుంది కాబట్టి రెండవది అవసరం. ఆ పనిని బొటనవేలితో అదిమి చేయబోతే వేళ్లు నలుగుతాయి. ఎరువు విషయంలో కవి మౌనం బుద్ధిపూర్వకం. కొత్త ఆకు వేసేదాకా ఆగి పలుచగా ఇవ్వవచ్చు గాని, పచ్చిపేడ లేతవేళ్లను మాడుస్తుంది.

‘మండుటెండ సోకనీయక’: తేమగాలిలో పెరిగిన ఆకు, బయటి పొడిగాలిలో, వేరు అందించగలిగిన దానికంటే ఎక్కువ నీటిని ఆవిరిగా పోగొట్టుకొని వాలిపోతుంది. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేచే కొమ్మను చూసి నాయకుడు కరుణరసానికి లోనై మాటిమాటికి నీరు పోస్తే, మట్టిలోని గాలి తొలగి వేళ్లకు ఊపిరాడదు. సాయంవేళ నాటడం, నీడలో మొదలుపెట్టి క్రమంగా వెలుతురు పెంచడం తగిన ఉపాయాలు.

పాఠాంతరం

‘చూడవలయు’ అన్నచోట కొందరు ‘సాకవలయు’ అని చదువుతారు. ‘సో’కు ‘సా’తో స్వరమైత్రి లేదు కనుక యతి చెడుతుంది, అతిగా సాకడం వల్ల మొక్కా చెడుతుంది. ఉభయథా ఆ పాఠం త్యాజ్యం.

తాత్పర్యం

దిమ్మలోనివీ కొమ్మవే, మట్టిలోకి వెళ్లవలసినవీ అవే వేళ్లు. నడుమ ఉన్న సరిహద్దును దాటవలసింది కూడా అవే. గృహస్థుడు చేయదగినది ఆ సరిహద్దుకు ఇరువైపులా తడి సమంగా ఉండేట్టు చూడడం, ఆ పిమ్మట వారం రోజులు చేతులు కట్టుకొని ఉండడం. ఈ రెంటిలో మొదటిది నేర్పితే వస్తుంది. పద్యం అవసరమైంది రెండవదానికి.