నంబరు ప్లేటా, ముగ్గా?

మొన్న పొద్దున కంబైనల్లూరు బస్టాండు దగ్గర టీ తాగుతుంటే ఒక నల్లకారు వచ్చి ఆగింది. కొత్తబండి, నిగనిగలాడుతోంది. బండి కనబడితే నా చూపు ముందు ప్లేటు మీదికే పోతుంది. చెప్పులు కుట్టేవాడు మొహం కన్నా కాళ్ళు ముందు చూస్తాడంటారే, అలాంటిదే. చూశాను. ‘టీఎన్ 29’ అన్నది చీమ తలకాయంత ఉంది. దాని పక్కన నాలుగంకెలు గుమ్మడికాయలంత. నంబరు చదవబోతే ‘బాస్’ అని ఉంది. గ్లాసు కింద పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. 8055. ఎనిమిదికి ఎడమపక్క నిలువుగీత లాగి ‘బి’ చేశాడు. సున్నా ఎలాగూ ‘ఓ’నే. రెండు అయిదులకూ నడుం వంచి రెండు ‘ఎస్’లు చేశాడు.

“ఏమప్పా, ఇది నంబరు ప్లేటా, ముగ్గా?” అన్నాను.

“స్టైలు తాతా! ధర్మపురిలో చేయించినా. రెండు వేలయింది,” అన్నాడు పిల్లోడు.

రెండు వేలు! నా చేత్తో ప్లేటు రాసి మూడు రూపాయలు తీసుకున్న రోజులున్నాయి. ఆ మూడు రూపాయల ప్లేటు దూరం నుంచి కూడా కనబడేది.

నేను నలభై ఏళ్ళకు పైగా ఈ చుట్టుపక్కల నంబరు బోర్డులు రాసి బతికినవాణ్ణి. మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పొట్టకూటికి ఇంగ్లీషు. ఇంగ్లీషులో నాకు తెలిసింది ఇరవై ఆరు అక్షరాలే, వాటితో ఒక్క మాట కట్టడం రాదు. ప్లేటుకు మాటలతో పనేముంది? కారిమంగళం నుంచి, మొరప్పూరు నుంచి కూడా బళ్ళు వచ్చేవి. రేకును ఉప్పుకాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి ఒక పగలు ఎండబెట్టేవాణ్ణి. దానిమీద నలుపు ఎనామిల్ రెండు కోట్లు. సుద్ద రాసిన దారం బిగించి టప్‌మని కొడితే పైగీత, కిందిగీత పడేవి. ఆ రెండు గీతల మధ్య చదును కుంచెతో తెల్లక్షరాలు. మా గురువు ఒక పరీక్ష పెట్టేవాడు. ప్లేటు ఆరాక గోడకు ఆనించి, నన్ను ఇరవై అడుగులు వెనక్కి నడిపించి, “ఇప్పుడు చదువు రా,” అనేవాడు. నేను రాసిందే అయినా తడబడితే టర్పెంటైన్ గుడ్డ చేతికిచ్చేవాడు. తుడిచేయాలి, మళ్ళీ రాయాలి.

ఆ రోజుల్లో నంబరుకు మూడక్షరాలు, ఆ తర్వాత అంకెలు. మద్రాసు రాష్ట్రమని పిలిచినప్పటి బళ్ళు ఎమ్‌తో మొదలయ్యేవి, 1969లో తమిళనాడు అయ్యాక వచ్చినవి టీతో. ఆంధ్రా బండి అయితే ఏ. కామరాజు కారు ఎండీటీ 2727, ఎమ్జీఆర్ అంబాసిడరు టీఎంఎక్స్ 4777. ఎమ్జీఆర్ బండి ఇప్పటికీ చెన్నై టీ నగర్‌లో ఆయన స్మారక గృహంలో ఉంది. అటు రామారావు ఊరూరా తిరిగిన చైతన్యరథం ఏబీఆర్ 7239. అంత పెద్దవాళ్ళ ప్లేట్ల మీద ఎవరూ మెలికలు తిప్పలేదు. అయినా ఆ నంబర్లు జనం నోట నిలిచాయి. మనిషిని బట్టి నంబరుకు పేరొచ్చింది. ఇప్పుడు నంబరును బట్టి మనిషికి పేరు రావాలని చూస్తున్నారు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జులైలో అమల్లోకి వచ్చాక రాష్ట్రానికి రెండక్షరాలు, ఆర్టీవో ఆఫీసుకు రెండంకెలు అయ్యాయి. మా ధర్మపురికి 29, కృష్ణగిరికి 24, హోసూరుకు 70. కుప్పం నుంచి చుట్టాలొస్తే ఏపీ 03 చూసి గడపలోనే పోల్చుకునేవాళ్ళం. ఇప్పుడు అదీ పోయింది. 2019 నుంచి ఆంధ్రాలో ఏ జిల్లా బండికైనా ఏపీ 39 అని మొదలుపెట్టారు. బండి చిత్తూరుదో శ్రీకాకుళందో దేవుడికే తెలియాలి. దానికి కుర్రాళ్ళ తప్పేం లేదు. గొణుక్కోవడం నా అలవాటు, గొణిగాను.

రూలు పుస్తకం తయారుచేసినవాళ్ళు పేడబుర్రలు కారు. కారు ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, అక్షరానికీ అక్షరానికీ ఎడం 10. ప్లేటు పొడవుదైతే 500 మిల్లీమీటర్లకు 120. బైకు వెనక అక్షరాలు 35, అంకెలు 40. పిల్లోడి దగ్గర పేరు తెలియని ఫాంటు ఉంటే, మా దగ్గర కొలబద్ద ఉండేది. ఇంకో తెలివి చూడండి. నంబరు మధ్యలో వచ్చే సిరీస్ అక్షరాల్లో ‘ఐ’, ‘ఓ’ రెండూ వాడరు. ఎందుకు? ఒకటికీ సున్నాకీ తేడా తెలియక ఎవడైనా పొరబడతాడని. పొరపాటు రాకూడదని సర్కారు రెండక్షరాలనే వదులుకుంది. మన వీరుడు రెండు వేలు పోసి ఎనిమిదిని ‘బి’ చేసుకొచ్చాడు, అయిదును ‘ఎస్’ చేసుకొచ్చాడు!

ఇప్పటి రుచులన్నీ ఒకసారి చెప్పుకుందాం. పైకి లేచిన జెల్లీ అక్షరాలకు ‘త్రీడీ’ అని పేరు. నరికి అతికించిన అక్రిలిక్ అక్షరాలైతే ‘ఫోర్‌డీ’ అట. నాలుగో డీ ఎక్కడుందో నాకింతవరకూ కనబడలేదు. నల్లప్లేటు మీద వెండి అక్షరాలు. పొగరంగు అద్దం మూత. చుట్టూ లైట్ల ఫ్రేము. బుల్లెట్ బండికైతే ఎలుకతోకల్లాంటి సన్నగీతలు. నంబరు పైన నాన్న పేరు, కింద అమ్మ దీవెన, మూలన హీరో మొహం, ఆ పక్కన కులం పేరు. అన్నీ పోగా మిగిలిన చోట నంబరు. ఇంకొందరికి భాషాభిమానం, తమిళంలో రాయిస్తారు. రూలు ప్రకారం అక్షరాలు ఇంగ్లీషులోనే, అంకెలు మామూలు 1, 2, 3 లోనే ఉండాలి. నాకు మాత్రం అభిమానం లేదా? మా బండికి తెలుగంకెల్లో ౨౯ అని రాద్దామనిపించింది ఒకసారి. చదివి చెప్పమంటే మా ఇంట్లోనే ఒక్కరూ చెప్పలేకపోయారు.

ఈ ఫోర్‌డీ పిచ్చి ఇంగ్లండులోనూ బాగా ఉందని మా చెల్లెలి మనవడు చెప్పాడు. వాడక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. కాకపోతే అక్కడ అక్షరం ఆకారానికీ ఎడానికీ కొలతలున్నాయి. 2021 సెప్టెంబరు నుంచి కొత్త ప్లేట్ల మీద అక్షరాలు ఒకే నలుపులో ఉండాలి, రెండు రంగుల నీడలు కుదరవు. నల్లప్లేటు, వెండి అక్షరాలు కావాలంటే బండి 1980కి ముందు తయారైనదై ఉండాలి. అమెరికాలో మనవాళ్ళు డబ్బు కట్టి పిల్లల పేర్లూ హీరోల పేర్లూ ప్లేటు మీదికి తెచ్చుకుంటారు. అది అక్కడ చట్టమే ఇచ్చిన వెసులుబాటు. పేరు నీ ఇష్టమే గానీ అక్షరాన్ని అచ్చువేసేది మాత్రం సర్కారు. మన దగ్గర నంబరు సర్కారుదీ, మెలిక వీధిచివరి స్టిక్కర్ కొట్టుదీ.

నంబర్ల మోజు తప్పని నేననను. హైదరాబాదులో వేలం పాటలు చూడండి. 2021లో జూనియర్ ఎన్టీఆర్ తన కారుకు 9999 కోసం 17 లక్షలు కట్టాడు. ఆయన డబ్బు, ఆయన ముచ్చట, సర్కారు ఖజానాకు రాబడి. మా వైపూ అంకెలు కూడి ఎనిమిది వస్తే బండి ఇంటికి తేనివాళ్ళున్నారు. తొమ్మిదొస్తే కొబ్బరికాయ కొడతారు. పోనీయండి. 17 లక్షలు పోసిన నంబరుకైనా ఎత్తు 65 మిల్లీమీటర్లే. అది మరిచిపోకుంటే చాలు.

మా కాలమంతా సత్యకాలమని చెబితే అబద్ధమవుతుంది. నంబరు పక్కన తామరపువ్వు వెయ్యమని ఎవరైనా రెండు రూపాయలు ఎక్కువిస్తే వేశాను. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఒకసారి చూసి, “ఇది గుడి ధ్వజస్తంభమా?” అని నా ఎదుటే గీకించాడు. ముందు ప్లేటుకు అడ్డంగా నిమ్మకాయ, మిరపకాయలు వేలాడదీసింది మా తరమే. పైగా చేతిరాత ప్లేటులో ఒక పెద్ద లోపముంది. చేయి తిరిగినవాడు మూడును ఎనిమిది చేయడానికి రెండు నిమిషాలు చాలు. అలా మార్చమని నన్నడిగినవాళ్ళు ఉన్నారు. నేను చేయలేదు. చేసినవాళ్ళు ఎక్కడో ఉండే ఉంటారు.

2000 దాటిన కొత్తలో సొంతబళ్ళకు నల్లప్లేటు తీసి తెల్లప్లేటు పెట్టమన్నారు, నల్ల అక్షరాలతో. ఊళ్ళోని బళ్ళన్నీ ఒక్కసారిగా బట్టలు మార్చుకున్నాయి. నాకు అన్నం తినే తీరికుండేది కాదు. అదే నా చివరి పండగ. వెనకాలే రేడియం కటింగ్ వచ్చింది, కంప్యూటర్లో కొడితే అక్షరం ఊడిపడేది. ఆ పైన హై సెక్యూరిటీ ప్లేటు. 2001లోనే రూల్లోకి ఎక్కినా, కొత్త బళ్ళన్నిటికీ తప్పనిసరి అయింది మాత్రం 2019 ఏప్రిల్ ఒకటి నుంచి. అల్యూమినియం రేకు, మూలన నీలిరంగు అశోకచక్రం మెరుపుముద్ర, లేజరుతో చెక్కిన గుర్తు సంఖ్య, ఊడబీకితే మళ్ళీ పనికిరాని లాకు. కుంచెకు అందులో చోటే లేదు. నా కూడు తీసేసిన ప్లేటు అది. అయినా చెబుతున్నాను, మంచి ప్లేటు. మూడును ఎనిమిది చేయడం దానిమీద కుదరదు. ఎంత దూరం నుంచైనా కనబడుతుంది. మా గురువు ఉంటే మెచ్చుకునేవాడు.

అలాంటి ప్లేటును షోరూము నుంచి తెచ్చిన వారానికే డ్రిల్లు పెట్టి పీకి, ఇంట్లో బీరువా మీద పెట్టి, దాని చోట ముగ్గు తగిలిస్తున్నారు. నాకు కడుపు మండేది అక్కడే.

మూడేళ్ళ కిందట ఇరుమత్తూరు నుంచి సైకిలు మీద వస్తున్నాను. తెన్‌పెణ్ణై వంతెన దాటాను, మన తెలుగులో దక్షిణ పినాకిని అంటామే ఆ ఏరు. పొద్దుగూకుతోంది. వెనకనుంచి ఒక కారు తగిలించి, ఆగకుండా పోయింది. గట్టు కింద పడ్డాను. కుడిచేయి, కుంచె పట్టిన చేయి, మణికట్టు దగ్గర విరిగింది. పడినచోటు నుంచే తలెత్తి ఆ బండి వెనక చూశాను. దూరం ఇరవై అడుగులుంటుందేమో. శుక్లాల శస్త్రచికిత్స అయిన కళ్ళు, బాగానే ఉన్నాయి. జీవితమంతా నంబర్లు రాసినవాణ్ణి, నన్ను గుద్దిన బండి నంబరు చదవలేకపోయాను.

స్టేషన్లో, “నంబరు చెప్పండి పెద్దాయనా,” అన్నారు. “నల్లప్లేటు, వెండి అక్షరాలు, పక్కకు వాలి ఉన్నాయి, చివరి అంకెకు తోక ఉంది,” అన్నాను. నంబరు అడిగితే నేను ఫాంటు చెప్పాను. రాసుకునే ఆయన పెన్ను ఆపి నా మొహం చూశాడు. ఆయన మాత్రం ఏం రాసుకుంటాడు?

అప్పుడు అర్థమైంది మా గురువు ఇరవై అడుగులు ఎందుకు నడిపించేవాడో. నంబరు ప్లేటు బండి ఓనరు చూసుకోవడానికి కాదు. వాడు స్టీరింగు వెనక ఉంటాడు, వాడికది కనబడనే కనబడదు. అది ఎదుటివాడి కోసం. రోడ్డు పక్కన పడినవాడి కోసం, సందు మలుపులో మేకను పోగొట్టుకున్న ముసలమ్మ కోసం, బడి నుంచి వచ్చే పిల్ల తల్లి కోసం. బండి దొంగలపాలైతే ఓనరు కోసం కూడా.

జరిమానా ఉంది. ప్లేటు సరిగ్గా లేకుంటే మొదటిసారి 500, మళ్ళీ దొరికితే 1500. 2024 మే 2 నుంచి చెన్నైలో పోలీసులు బండి మీద ‘ప్రెస్’, ‘పోలీస్’, ‘అడ్వకేట్’ అని ఇష్టమొచ్చినట్టు అంటించుకున్న స్టిక్కర్ల మీదా పడ్డారు. కానీ ప్లేటుకు రెండు వేలు పెట్టేవాడికి అయిదు వందలు లెక్కా? ముగ్గు ఖర్చులో అదీ కలుపుకుంటాడు.

టీకొట్టు దగ్గరి పిల్లోడికి ఇదంతా చెప్పాను. చేయి కూడా చూపించాను, ఇంకా కొంచెం వంకరగానే ఉంది. వాడు నవ్వు ఆపి, “ఒరిజినల్ ప్లేటు ఇంట్లో ఉంది తాతా,” అన్నాడు. తగిలిస్తాడో లేదో చూడాలి. వాడిది ఈ ఊరే, కనబడకపోడు.

మీకూ ఒక మాట. పాతబడ్డ పెయింటరు మాటనుకుని వినండి. రేపు పొద్దున బండి తీసే ముందు వెనక ఇరవై అడుగులు నడిచి, తిరిగి నిలబడి మీ నంబరు చదవండి. అది మీకు నోటికి వచ్చిన నంబరు, కాబట్టి మీ చదువు చెల్లదు. దారిన పోయే పిల్లవాణ్ణి పిలిచి చదివించండి. తడబడ్డాడా, ఆ ప్లేటు పీకేసి బీరువా మీది ప్లేటు కిందికి దించండి.