గ్లోబు మీది నూలుదారం: ఆత్మకథ

దాచేపల్లి పరిసరాల నల్లరేగడిలో పండిన పత్తి జిన్నింగ్ మిల్లులో గింజను విడిచి, దూదిగా బేలుకెక్కి, స్పిన్నింగ్ మిల్లులో పురి తిరిగి నూలయ్యాక ఏదో ఒక గుడ్డలో కలిసిపోవడమే దాని మామూలు గతి; ఈ ఆత్మకథ చెప్పుకొంటున్న దారానికి మాత్రం 30 సెంటీమీటర్ల వ్యాసం గల బడి గ్లోబు మీద రెండు విమానాశ్రయాల నడుమ దూరం కొలిచే పని దక్కింది. గట్టిగా పురి పడి, లాగితే అంతగా సాగకపోవడమే దానికున్న అర్హత.

ఒక కొసను హైదరాబాద్ విమానాశ్రయమున్న శంషాబాద్ మీద, రెండో కొసను షికాగో మీద అదిమి బిగించినప్పుడు దారం తనలోని వదులంతా పోయేదాకా పక్కకు జరిగి, అన్నిటికన్నా పొట్టి దారిలో నిలుస్తుంది. ఆ దారి మహావృత్తంలో ఒక భాగం. భూకేంద్రం గుండా భూమిని సరిగ్గా రెండుగా కోస్తే పైన ఏర్పడే వలయమే మహావృత్తం. గోడపటానికి అలవాటుపడిన కన్ను దారం ఐరోపా, అట్లాంటిక్‌ల మీదుగా పోవాలని ఎదురుచూస్తుంది గాని, అది పంజాబ్, పామీర్, కజకిస్థాన్, ఉరల్ పర్వతాలు దాటి, సుమారు 79వ ఉత్తర అక్షాంశం దాకా ఎగబాకి, స్వాల్‌బార్డ్, గ్రీన్‌లాండ్‌ల నడుమ సముద్రం మీద మలుపు తిరిగి, హడ్సన్ అఖాతం పక్కగా దిగుతుంది. దిక్సూచి చూసుకుంటూ ఒకే దిశను విడవకుండా పడమటికి పోతే దాదాపు 16,100 కిలోమీటర్లు కాగా, దారం పొడవు 31.3 సెంటీమీటర్లే, అంటే సెంటీమీటరుకు 425 చొప్పున సుమారు 13,300 కిలోమీటర్లు.

కాలం లెక్క మాత్రం దారానికి అందదు. ఆ దూరాన్ని గంటకు 900 కిలోమీటర్ల విమాన వేగంతో భాగిస్తే పద్నాలుగు గంటల ముప్పావు వస్తుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు నగరాల మధ్యే బోయింగ్ 777తో మొదలుపెట్టిన నాన్‌స్టాప్ సర్వీసుకు పదహారు గంటలు దాటేది. రన్‌వే దాకా మెల్లగా సాగడం, పైకెక్కడం, కిందికి దిగడం అందులో కొంత. మిగతాది గాలిది, ఎందుకంటే విమానం ఈదేది గాలిలో గనుక ఎదురుగాలి వేగమంతా నేల మీది వేగంలోంచి తరుగుపోతుంది. దేశాల మధ్య పేచీలు మరో చిక్కు: 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి పోయేవి అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగవలసి వచ్చింది, దారానికేమో సరిహద్దంటే రంగు మారడమే.

దాచేపల్లి నుంచి శంషాబాద్ ఈ గ్లోబు మీద నాలుగు మిల్లీమీటర్లయినా లేదు, కొలవబోతే వేలికొన కిందే రెండు ఊళ్లూ మాయమవుతాయి. అయినా కృష్ణ దాటి, వాడపల్లి, మిర్యాలగూడ, నల్గొండల మీదుగా కారులో అక్కడికి చేరడానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది, అంతసేపట్లో విమానం ఈ దారం వెంటే పోగలిగితే కజకిస్థాన్ నడిబొడ్డున ఉంటుంది.