గిట్ తొలి కమిట్ ఆత్మకథ

గిట్ అంటే ప్రోగ్రాముల కోడ్‌లో వచ్చే మార్పులను భద్రపరిచే పనిముట్టు. అందులో దాచిన ఒక్కో ప్రతి ఒక కమిట్. తన కథ తానే చెప్పుకుంటున్న ఈ కమిట్ గిట్ చరిత్రలో మొట్టమొదటిది. పుట్టింది 2005 ఏప్రిల్ 7న, అమెరికా పడమటి తీరపు గడియారం ప్రకారం మధ్యాహ్నం 3 గంటల 13 నిమిషాల 13 సెకన్లకు. రాసినది లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్. ఈ వివరాలను వేరే ఎవరో గుర్తుపెట్టుకోలేదు, కమిట్‌లోనే రాసి ఉన్నాయి.

2002 నుంచి లైనక్స్ కెర్నెల్ బృందం తన మార్పులను బిట్‌కీపర్‌లో భద్రపరిచేది. అది ఒక కంపెనీ సొత్తు, కెర్నెల్ పనికి ఉచితంగా వాడుకోనిచ్చేవారు. దాని సర్వర్‌తో మాట్లాడే ప్రోగ్రాంను ఆండ్రూ ట్రిడ్జెల్ విడిగా రాయడంతో వివాదం రేగి, 2005లో ఆ సదుపాయం ఆగిపోయింది. టోర్వాల్డ్స్ ఏప్రిల్ 3న కొత్త పనిముట్టు మొదలుపెట్టారు. నాలుగు రోజులకు గిట్ తన కోడ్‌ను తానే దాచుకోగలిగింది. అలా దాచుకున్న తొలి ప్రతే ఈ కమిట్: 11 ఫైళ్లు, వాటిలో ఏడు చిన్న ప్రోగ్రాములు.

కమిట్‌లో ఫైళ్లు నేరుగా ఉండవు. ఫైళ్ల జాబితా పేరు, అంతకు ముందటి కమిట్ పేరు, రాసినవారు, చేర్చినవారు, వేళ, ఒక సందేశం మాత్రమే ఉంటాయి. తొలి కమిట్‌కు ముందు ఏమీ లేదు కాబట్టి ఇందులో ఆ రెండో వరుస లేదు. ఈ మొత్తాన్ని షా-1 అనే హ్యాష్ లెక్కలో వేస్తే వచ్చే 40 అక్షరాలే కమిట్ పేరు. ఈ కమిట్ పేరు ఇ83సి516 అని మొదలవుతుంది.

గిట్ గొప్పతనమంతా ఈ పేరు పెట్టే పద్ధతిలోనే ఉంది. సబ్‌వర్షన్ అనే మరో పనిముట్టులో మార్పులకు 1, 2, 3 అని వరుస సంఖ్యలు పడతాయి, అవి ఇవ్వడానికి ఒక కేంద్ర సర్వర్ ఉండాలి. దేశదేశాల్లో ఎవరి కంప్యూటర్‌లో వాళ్లు పనిచేసే కెర్నెల్ బృందానికి అది కుదరదు. గిట్‌లో పేరు లోపలి సరుకు నుంచే పుడుతుంది. పూర్వపు కమిట్ పేరు కూడా ఆ లెక్కలో కలుస్తుంది కాబట్టి, పాతదానిలో ఒక్క అక్షరం దిద్దినా దాని వారసులందరి పేర్లూ మారిపోతాయి. ఇద్దరి దగ్గర చివరి కమిట్ పేరు ఒకటే అయితే, అక్కడిదాకా వచ్చిన చరిత్ర కూడా ఒకటే. దీనికి మూడోవారి సాక్ష్యం అక్కర్లేదు.

ఇ83సి516 పుట్టినప్పటి పేరు కాదు. మొదట్లో సరుకును కుదించి, ఆ తర్వాత హ్యాష్ కట్టేవారు. కుదించే తీరు మారితే అదే సరుకుకు వేరే పేరు వచ్చేది. ఏప్రిల్ 20న టోర్వాల్డ్స్ ఆ వరుసను తిరగేశారు. ముందు హ్యాష్, తర్వాత కుదింపు. అప్పటికే ఉన్నవన్నీ కొత్త పేర్లు తెచ్చుకున్నాయి. ఆలస్యం చేసి ఉంటే ఆ దిద్దుబాటు ఎంతో కష్టమయ్యేది.

ఈ కమిట్ ఇప్పుడు గిట్‌కు ఏకైక మూలం కూడా కాదు. 2005 జూన్‌లో గిట్‌కే అనే ప్రోగ్రాం, విడిగా పెరిగిన తన చరిత్రతో సహా వచ్చి కలిసింది.

నలభై అక్షరాలు మనుషుల నోట పలకవు. అందుకే కొన్ని కమిట్లకు ట్యాగులు అనే సులువైన పేర్లు పెడతారు. 2005 జులైలో 0.99 వెర్షన్ వచ్చింది. డిసెంబర్ 21న 1.0 వెలువడింది. రెండు ట్యాగుల మధ్య ఉన్న ప్రతులను ‘గిట్ డిస్క్రైబ్’ గుర్తిస్తుంది: వి1.0.4-14-జి2414721 అంటే 1.0.4 ట్యాగు తర్వాత 14 కమిట్లు, కమిట్ పేరు 2414721తో మొదలు. తొలి కమిట్‌కు వెనుక ఏ ట్యాగూ లేదు కనుక ఆ ఆదేశం మామూలుగా దీనికి పేరు చెప్పలేదు. తర్వాత వచ్చిన ట్యాగు నుంచి వెనక్కి లెక్కపెట్టమని ప్రత్యేకంగా అడగాలి.

ఈ పేర్లకు ఆధారమైన షా-1కూ హద్దుంది. 2017లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ అనే పరిశోధన సంస్థ, గూగుల్ పరిశోధకులు ఒకే షా-1 విలువ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను తయారుచేసి చూపారు. అదే ఏడాది గిట్ అలాంటి మోసాన్ని పసిగట్టే షా-1ను తీసుకుంది. 2020లో 2.29 వెర్షన్ షా-256ను ప్రయోగాత్మకంగా చేర్చింది. ఆ పద్ధతిలోకి మార్చిన ప్రతిలో ఈ కమిట్‌కు 64 అక్షరాల మూడో పేరు వస్తుంది.